ఎత్తిన వేలు

మా హసన్‌పర్తి పాస్టరుగారు వేలెత్తి “అందరం పాపులమే” అంటే ఖిలా వరంగల్ తోరణాలు అదిరేవి. కోతలు లెండి. ఆయనది అలసిన గొంతు, చర్చిలో వెనుక బెంచీకి కూడా వినపడేది కాదు.

బాప్తిస్మానికి ముందే పోయిన పసివాణ్ణి పూడ్చిన రోజు, తల్లి ఆయన్ను నిలదీసింది. “పుట్టుకతోనే పాపులమంటిరి గద అయ్యగారూ, నా కొడుకును దేవుడు రానిస్తడా?”

ఆయన మట్టిమీదే కూలబడ్డాడు. “నేనన్నది అందరిని బిడ్డా. వాడింకా అందర్ల కలువనే లేదు.”

“వాక్యంల అట్ల లేదు గదా” అని గొణిగాను, సంఘపెద్దను మరి.

“నువ్వు జర ఊకోరాదు” అని ఆయన నా నోరు మూయించాడు.

ఆదివారం ప్రసంగంలో అలవాటుగా వేలు లేచింది. ముందు వరుసలో ఆ తల్లిని చూసి ఆగాడు. వేలిని తన ఛాతీకి ఆనించుకుని, “నేను పాపిని” అన్నాడు.

వెనుక బెంచీకీ వినపడింది. ఇది మాత్రం కోత కాదు.