రోజుకో గ్లాసు ఆయిల్

గత శనివారం తమ్ముడు ముదినేపల్లి నుంచి ఫోన్ చేసి, నాన్నగారి పాత డీజిల్ బండిని తుక్కుకు ఇచ్చేస్తున్నానని చెప్పాడు. "సీటు కింద నీ పేరున్న గ్లాసు దొరికింది అన్నయ్యా. ఉంచమంటావా, బండితోపాటు పంపేయమంటావా?" అని అడిగాడు. బందరులో మా మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆ మాట విన్నాను. ఉంచమన్నాను. అంతకు మించి ఏమీ అనిపించలేదు. ఆ బండి విషయంలో ఏదైనా అనిపించవలసిన రోజుల్లోనే నాకు అనిపించలేదు కనుక, అందుకు ఆశ్చర్యపోలేదు కూడా.

ఆ గ్లాసు చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసినందుకు నాకు ఇచ్చిన బహుమతి. స్టీలు సామాన్ల కొట్టులో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఇచ్చారు. మా వంశంలో చదువుకు జరిగిన మొదటి సత్కారం అది. వంటింటి అలమరలో పై వరసలో, ఎవరూ నీళ్ళు తాగకుండా ఏళ్ళ తరబడి గౌరవంగా ఉండిపోయింది. నేను డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం దొరికి బందరు వచ్చేశాక, మొదటిసారి సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు చూస్తే అది నల్లగా, జిడ్డుగా బండిలో ఉంది. నాన్నగారు దాన్ని ఇంజన్ ఆయిల్ కొలతకు వాడుతున్నారు. నేను నొచ్చుకుంటే, "ఈ ఇంట్లో పొద్దున్నే మొదటి పని నీ పేరు మీద జరుగుతోంది. ఇంకేం కావాలిరా?" అన్నారు.

నాన్నగారు గుడివాడ నుంచి చేపల చెరువులకు మేత బస్తాలు తోలేవారు. ఇంజన్ బోరుకొచ్చింది. అంటే లోపల పిస్టన్లు, రింగులు అరిగిపోయి, ఆయిల్ కూడా డీజిల్‌తోపాటు మండి నీలం పొగగా పోయేది. అలాంటి బండిని ఎవరైనా షెడ్డుకు తీసుకెళ్తారు. ఆయన మాత్రం దానికి రోజూ ఆయిల్ తాగించేవారు. తెల్లవారగానే ఆయన బానెట్ ఎత్తి ముఖం కడుక్కోవడానికి వెళ్తే, అమ్మ డబ్బా తెచ్చి నా గ్లాసుతో కొలిచి పోసేది. ఆ తర్వాతే పొయ్యి మీద టీ పెట్టేది. పిల్లలెంతమందని కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారు అడిగితే, "ఇద్దరు మగపిల్లలు, ఒక బండి అండీ" అని అమ్మ నవ్వకుండా జవాబు చెప్పింది.

ఆరేళ్ళు అలా గడిచాక, పొగకు దారిన పోయేవాళ్ళు తిట్టడం మొదలుపెట్టాక, నాన్నగారు బాగుచేయించడానికి ఒప్పుకున్నారు. గుడివాడలో మేము మావయ్య అని పిలిచే మెకానిక్ ఉన్నాడు. అతని షెడ్డులో ఇంజన్ దించారు. మూడో రోజు ఉదయం నాన్నగారికి గుండెలో నొప్పి వచ్చింది. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. ఇంజన్ అప్పటికి ఏ ముక్కకు ఆ ముక్కగా, కిరసనాయిలులో కడిగి, గోనెపట్టా మీద ఆరబెట్టి ఉంది. మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు నేనే నింపాను. నా చేతిరాత ఎక్కడా వణకలేదు. సమాధి దగ్గర కీర్తన మూడు చరణాలూ రాగం తప్పకుండా పాడాను. అమ్మా ఏడవలేదు. ఓదార్చడానికి సిద్ధపడి వచ్చిన బంధువులు కొంత ఇబ్బందిపడి, భోజనాలు కాగానే వెళ్ళిపోయారు.

బండి సిద్ధమై ఇంటికి వచ్చింది. కొన్నాళ్ళు వేగం నలభై దాటకూడదని, సగం లోడే వేయాలని మావయ్య చెప్పి పంపాడు. తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వాడికి వేరే ఆధారం లేదు. పదిహేను రోజుల తర్వాత అమ్మ పుట్టింటివాళ్ళు దివిసీమలో నాన్నగారి కోసం ఆదరణ కూడిక ప్రార్థన పెడితే, ముగ్గురం ఆ బండిలోనే బయలుదేరాం. మోపిదేవి దాటాక అద్దంలో నీలం పొగ కనిపించింది. తమ్ముడు బండి పక్కకు ఆపి, "ఇది మళ్ళీ పాడైతే బాగుచేయించే శక్తి లేదన్నయ్యా. అమ్మేసి ఇంకొకరి బండికి డ్రైవరుగా పోవాల్సిందే" అన్నాడు. కూడికకు వెళ్ళకుండా, మెల్లగా గుడివాడకు తిరిగి వచ్చాం.

మావయ్య ముందు తమ్ముడి మీద పడ్డాడు. "నలభై దాటొద్దన్నానా లేదా అల్లుడూ? దివిసీమకి విమానం తోలుకెళ్ళావా?"

"ముప్పై దాటితే ఒట్టు మావయ్యా. సైకిళ్ళవాళ్ళు గంట కొట్టి మరీ నన్ను దాటిపోయారు."

చదువుకున్నవాడిగా కల్పించుకోవడం నా బాధ్యత అనుకుని, "మీరు అమర్చిన రింగుల నాణ్యత గురించి మాకు స్పష్టత ఇవ్వవలసి ఉంటుందండీ" అన్నాను.

"అర్జీ బాగుంది పెద్దల్లుడూ. స్టాంపు అంటించలేదే?" అంటూ మావయ్య బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే గేజు పుల్లను బయటికి లాగాడు. గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. నూనె పై గీతకు నాలుగు వేళ్ళు పైన ఉంది. "దీన్లో ఆయిల్ ఎవరు పోస్తున్నారు?"

"ఎవరూ పోయట్లేదే" అన్నాడు తమ్ముడు.

బండిలోనే కూర్చున్న అమ్మ కిటికీలోంచి, "నేనే అన్నయ్యా. రోజూ పోసేదే కదా, ఒక గ్లాసు" అంది.

తమ్ముడు లేవకముందే, ఎప్పటి వేళకే లేచి, ఎప్పటిలాగే పోసింది. మావయ్య బండి కింద బకెట్ పెట్టి, ఎక్కువైన ఆయిల్ దిగేలా బోల్టు వదులు చేశాడు. తర్వాత, "ఇప్పుడిది తాగదు చెల్లెమ్మా. పోసిందంతా లోపలే ఉండిపోయింది. ఎక్కువై పొగ వచ్చింది, అంతే. ఇంజన్‌కేం కాలేదు" అన్నాడు. ఆ మాటకు తమ్ముడు పాత టైరు మీద కూలబడి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. వాడి భుజాలు కదులుతూ ఉంటే నేను చూస్తూ నిలబడ్డాను. కింద బకెట్‌లోకి ఆయిల్ సన్నగా దిగుతోంది. అది ఆగాక అమ్మ అడిగింది.

"మరి పొద్దున్నే నేనేం చెయ్యాలి?"

ఎగతాళి లేకుండా ఒక్క మాట కూడా ఆడని మావయ్య, గేజును తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. "తీసి చూడు చెల్లెమ్మా. తగ్గిందేమో చూడు. చాలు."

మర్నాటి నుంచి అమ్మ అదే పని చేసింది. తెల్లవారగానే గేజు తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, "తగ్గలేదు" అని తమ్ముడికి చెప్పి, టీ పెట్టడానికి వెళ్ళేది. తొమ్మిదేళ్ళయింది. ఫోన్ పెట్టేసే ముందు, ఇవాళ కూడా చూసిందా అని తమ్ముణ్ణి అడిగాను. చూసిందట, తగ్గలేదందట. నాకు రావలసిన ఏడుపు ఏనాడో ఒకనాడు వస్తుందని ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. కాలం కూడా అమ్మలాగే రోజూ ఒకసారి నాలోంచి దాన్ని గేజులా తీసి చూసి, తగ్గలేదనుకుని, తుడిచి, ఉన్నచోటే పెట్టి వెళ్ళిపోతోందని ఇప్పుడు అనుకుంటున్నాను.