అమ్మ పోసిన సాక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అమ్మను తాగుబోతు అని మొదట అన్నది ఊరు కాదు, నేనే. అందుకే ఈ మాట కూడా నేనే రాయాలి: ఆమె లాంటి గట్టి మనిషిని తాండూరు నుంచి వికారాబాద్ దాకా నేను ఇంకొకరిని చూడలేదు.

నాన్న కరణ్‌కోట వైపు సున్నపురాయి గనిలో పనికి బండి మీద పోయేవాడు. ఒకరోజు దారిలోనే లారీ కింద పడి చనిపోయాడు. ఆనాటి నుంచి అమ్మ కంటికి కునుకు లేదు. దినాలకు వచ్చిన చుట్టాల్లో ఒకామె కల్లు సీసా చేతిలో పెట్టి, జర తాగితే నిద్ర పడుతుందని చెప్పింది. నిజంగానే పట్టింది. అది ఉత్త కల్లు కాదు, మత్తుమందు కలిపిన కల్లు. ఏడాది తిరిగేసరికి పొద్దున లేస్తూనే సీసా పడకపోతే చేతులు వణికేవి. గొర్రెల వెంట గుట్టలన్నీ తిరిగిన మనిషి కల్లు దుకాణం అరుగు దిగకుండా అయింది.

అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. అమ్మను గదిలో పెట్టి గొళ్లెం వేశాను. రెండు రోజులు తాగకుంటే తనే దారికి వస్తుందనుకున్నాను. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోతూ దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

అక్కడి డాక్టరమ్మ ఎన్ని సీసాలు తాగుతావని అడగలేదు. నిద్ర ఎప్పటి నుంచి పోయిందని అడిగింది. అన్నాళ్లలో నాకు ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. అమ్మ గోడ వైపు తిరిగి చెప్పింది.

"ఆ పొద్దు ఆయనకు జరమొచ్చింది. పండుకుంట, పోనన్నడు. పనిదొంగవని నవ్వి నేనే పంపిన."

కల్లు కోసం కాదు, ఆ పొద్దును మరిచి కాసేపు నిద్రపోవడం కోసం దుకాణానికి పోయేదని నాకు అప్పుడు తెలిసింది. మందులు మెల్లమెల్లగా తగ్గిస్తూ నెలల తరబడి వైద్యం నడిచింది. ఆసుపత్రికి పోయే బస్సులో సీటు కోసం నేను కండక్టర్‌తో కొట్లాడితే అమ్మ నన్నే మందలించేది.

ఈ ఏడాది పెత్రమాస వచ్చింది, చనిపోయిన పెద్దలకు పెట్టుకునే రోజు. మా ఇళ్లలో కల్లు సాక పోస్తారు. కాస్త నేల మీద ధారగా వదిలి, మిగిలింది పోసినవాళ్లు నోట్లో వేసుకోవాలి. పెదనాన్న సీసా తెచ్చి అమ్మ చేతికిచ్చాడు. ఒక్క గుక్క చాలు, అంతా మళ్లీ మొదటికొస్తుంది. లాక్కుందామని లేచాను. గొళ్లెం గుర్తొచ్చి కూర్చున్నాను.

అమ్మ సీసా వంచింది. ఆపకుండా అడుగు దాకా నేలకే పోసింది. అమ్మ మా ఎవరి వైపూ చూడలేదు, తడిసిన నేలతోనే మెల్లగా అంది.

"నువ్వు తాగి పండుకో. నేను మేలుకోని ఉంట."