వెనక చక్రాలకు మా ఆవిడ బరువు

మా పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాళ్లుగా వేగం అందుకుంటే చాలు, తోక ఊపుతోంది. ఈ రోజు మేడ్చల్‌లో మెకానిక్ యాదగిరికి చూపించాను. వెనక చక్రాలు పక్కకు తిరిగాయన్నాడు. కారుకు రెండు వైపులా దారం లాగి కట్టి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. మనుషుల బరువు పడితేనే చక్రాల అసలు వాలు తెలుస్తుందట.

"పక్క సీట్ల ఎవరు కూసుంటరు సార్?"

"మా ఆవిడ."

"ఎన్ని కిలోలుంటది అమ్మ?"

ఇంటికి ఫోన్ చేసి అడిగాను. యాభై ఐదంది. యాదగిరి పక్క దుకాణం నుంచి సరిగ్గా అంత బియ్యం తెప్పించి సీట్లో పెట్టాడు. కాసేపు ఆలోచించి, ఇంకో పది కిలోల సంచి పైన వేశాడు.

"మా ఇంటామె గూడ గట్లనే చెప్తది సార్" అన్నాడు.

తర్వాత దారం చూసుకుంటూ చక్రాలు సరిచేశాడు.

సాయంత్రం ఆవిడతో శామీర్‌పేట దాకా వెళ్లొచ్చాను. కారు గీత గీసినట్టు పోయింది.

"చూసినవా, నేను కరెక్టు చెప్పినందుకే గింత సక్కగ పోతాంది" అంది.

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. మీరైతే ఆ పై సంచి సంగతి చెప్పేవారా?