నేనే ఏరుకున్న జంట

మా రైల్వే ఊళ్లో, గోల్‌బజార్‌లో మా నాన్నది కిరాణా కొట్టు. ఎనభైల చివర్లో నాకు ఇరవై రెండేళ్లు నిండేసరికి గల్లాపెట్టె వెనక కుర్చీ నా కోసమే కాచుక్కూర్చుంది. దాన్ని తప్పించుకోడానికి నాకు దొరికిన దారి పావురాలు. నాన్న గడువు పెట్టాడు.

"దుర్గాపూజ దాకా సూస్తాను. ఈలోగా నీ పిట్టలు పిల్లల్ని సేసి నాలుగు డబ్బులు తెచ్చినాయా, సరే. లేదా, వొచ్చి కొట్లో కూకో."

ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఒక ఇంజన్ డ్రైవరు రిటైరై ఊరొదిలి వెళ్తూ తన పావురాలు అమ్మేస్తున్నాడని తెలిసింది. సాక్సన్ షీల్డ్ అనే జర్మన్ జాతి. ఒళ్లంతా తెలుపు, రెక్కల మీద మాత్రం డాలు కప్పినట్టు ఎరుపు, కాళ్లకు వేలెడు పొడుగు ఈకలు. ఆడదీ మగదీ ఒకేలా ఉంటాయి. మా ఊళ్లో మరెవరి దగ్గరా లేవు.

ఆయన రెండింటిని చూపించి, "ఇది జోడీ, తీసుకో" అన్నాడు. కొట్లో పెరిగినవాణ్ణి, అమ్మేవాడు చేతికిచ్చింది తీసుకుంటానా? పుచ్చిన పప్పు ముందుగా అంటగట్టేది మేమేగా. గంటసేపు బేరమాడి, సగానికి దింపి, ఆరింటిలోంచి నా కంటికి నచ్చిన రెండింటిని నేనే ఏరుకున్నాను.

"సోచ్ లో, బాబూ" అన్నాడాయన. ఆలోచించాను కాబట్టే ఏరానని చెప్పాను.

మేడ మీద గూడు కట్టాను. ఆ రోజు నుంచి నాకు మేడే లోకం. కాలి ఈకలు తడవకూడదు, రోజూ పొడి ఇసక మార్చాలి. జొన్నలు, బఠానీలు, ఇటిక పొడి, గుడ్డు పెంకులు వెయ్యాలి. బయటికి వదిలితే పాత గూడు వెతుక్కుంటూ ట్రాఫిక్‌కి పోతాయి. వాటితోపాటు నేనూ బందీ. శ్రీకాకుళంలో మేనమామ కూతురి పెళ్లికీ వెళ్లలేదు.

శ్రావణంలో ఒకే గూట్లో నాలుగు గుడ్లు కనిపించాయి. పావురం పెట్టేది రెండే. "సూసినావా నాన్నా, సగం ధరకి రెట్టింపు సరుకు!" అని మేడ మీంచి అరిచాను. ఈకలు తగిలి గుడ్లు దొర్లకుండా వాటి కాళ్ల ఈకలు కత్తిరించాను. సుభాష్‌పల్లి బడి మాస్టారొకరికి జత పిల్లలు ఖాయం చేశాను.

పద్దెనిమిది రోజులకి గుడ్లు పగిలి పిల్లలు రావాలి. ఇరవై రెండైనా కదలిక లేదు. పూరీ గేట్‌లో పావురాలు పెంచే ముసలి రైల్వే గార్డు దాదాని తీసుకొచ్చాను. ఆయన ఒక గుడ్డు ఎండకి ఎత్తి చూశాడు. వట్టి సొన.

"ఒకే గూట్లో నాలుగా? ఆరే బాబా, రెండూ ఆడవే! చెరో రెండు పెట్టాయి. ఎవడు అంటగట్టాడు నీకు?"

"నేనే ఏరుకున్నాను దాదా."

ఆయన నవ్వు ఆపుకోలేక అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

పూజకి పది రోజులుందనగా మాస్టారు వచ్చారు. ఆయన మెట్లెక్కుతుంటే నాన్న నా చెవిలో అన్నాడు: "ఆ పెద్దవాటినే జంటని సెప్పి ఇచ్చీరా. సూసుకోవలసింది కొనేవోడు."

ఆ డబ్బుతో సరైన జంట తెచ్చుకుని ఇంకో ఏడాది గడువు సంపాదించేవాణ్ణి. మాస్టారు గూట్లోకి వంగి, "ఎంత ముద్దుగా ఉన్నాయండీ! పిల్లలెందుకు, ఈ జంటే ఇవ్వండి" అన్నారు. బేరానికి నోరు తెరిచాను.

"రెండూ ఆడవేనండీ."

"అయ్యో, అయితే వద్దులెండి."

ఆయన మెట్లు దిగిపోయారు. నాన్న మొల నుంచి కొట్టు తాళాలు విప్పి నా చేతిలో పెట్టాడు.

"పూజ దాకా ఎందుకు, రేపు ఏడుకి కొట్టు తియ్యి."