అక్క వంతు రెండు గంటలు

మొన్న చిక్కడపల్లిలో జిరాక్స్ తీయించుకుంటుంటే కంప్యూటర్ వెనక నుంచి వేడి దుమ్ము వాసన వచ్చింది. అశోక్ నగర్‌లో మా ముందుగది వాసన అచ్చం అదే.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బాబాయికి, అన్నకు, అక్కకు తలా ఒక కంప్యూటర్ ఉండేది. నెట్టు మాత్రం ఒక్కటే, అదీ నత్తనడక. రోజూ కొట్లాటలే. నాన్న తలా రెండు గంటలు వంతు పెట్టాడు. ఒకరి వంతులో మిగతావాళ్లు ఆపెయ్యాలి. కాపలా నాది.

ఆ రోజు అక్క ఉద్యోగం దరఖాస్తుకు సాయంత్రం ఆరింటితో గడువు. మరుసటి ఏడాదికి ఆమెకు వయసు దాటిపోతుంది. నాలుగింటికి కూర్చుంది. ఫోటో ఎంతకీ ఎక్కదు. బాబాయి ఆఫీసులో ఉన్నాడు.

"అన్నది బంద్ ఉందా? జర చూసి రావే."

చూశాను. తెర నల్లగా ఉంది. "బంద్ ఉందక్కా."

"మంచిగ చూసినవా?"

"దేవుని మీద ఒట్టు."

మంచం మీద నుంచి అన్న నవ్వాడు. "ఆఖరి రోజు దాకా ఆగి, ఇప్పుడు నెట్టును తిడితే ఏమొస్తదే?"

ఆరు దాటింది. అక్క కుర్చీలోంచి లేవలేదు.

"నీ వంతు నీకిచ్చిన గద బిడ్డా, ఇంకేం చెయ్యాలె?" అన్నాడు నాన్న.

తెర ఆర్పినా కింద సీపీయూ డబ్బా నడుస్తూనే ఉంటుందని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు దాని వేడిగాలి నా కాళ్లకు తగిలింది. ఎండాకాలం కదా అనుకున్నాను.

మర్నాడు అన్న కొత్త సినిమా పెట్టి అందరినీ పిలిచాడు.

"నెట్టులోంచి ఎప్పుడు దిగింది?" అంది అక్క.

"నిన్న సాయంత్రం."

అక్క నా వైపు చూసింది. నేను అన్న ఒళ్లో కూర్చుని సినిమా మొత్తం చూశాను.