కరుణమ్మ టీచర్ ముందే ఎత్తుకున్న పాట

మిరప కోతల కాలంలో సత్తెనపల్లి బస్సెక్కితే కిటికీ మూసినా ఘాటు లోపలికి వస్తుంది. మొన్న కూడా రోడ్డు పక్క కల్లాల మీంచి గాలి వీచగానే బస్సులో సగం మంది తుమ్మారు, దగ్గారు, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నాకు మాత్రం కరుణమ్మ టీచర్ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. పక్కనున్నావిడ ఘాటు వల్లేననుకుంది.

కరుణమ్మగారు మా ఊరి బడిలో టీచర్. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేదీ ఆవిడే. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, గుడ్ ఫ్రైడే పొద్దున అమ్మతో కలిసి రైతు కల్లంలో రంగు పోయిన తాలు కాయలు ఏరి, స్నానం చేసి ఆరాధనకు వెళ్ళాను. మౌన ప్రార్థన మొదలైంది. చర్చి నిండా జనం, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా గొంతులో మంట రేగింది. ఓణీ నోట్లో కుక్కుకున్నాను. దగ్గు ఆపినకొద్దీ పెరిగి, చివరికి కుక్కపిల్ల అరిచినట్టు ఒక వింత చప్పుడై బయటపడింది. పిల్లలు పకపకా నవ్వారు. ముందు వరుసల వాళ్ళంతా వెనక్కి తిరిగారు. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఆ క్షణాన చచ్చిపోతే బాగుండుననిపించింది.

కరుణమ్మ టీచర్ ఒక్కరే తల తిప్పలేదు. లేచి నిలబడి పాట ఎత్తుకున్నారు. ప్రార్థన ఇంకా ముగియలేదు. అయినా ఆ గొంతు విన్నాక ఎవరూ కూర్చోలేకపోయారు. అందరూ లేచి పాడారు. ఆ హోరులో నేను కడుపు పట్టుకుని, ఆగేదాకా దగ్గాను.

బయటికి రాగానే సంఘపెద్ద ఆవిడను నిలదీశారు. “ఎవర్నడిగి పాట ఎత్తుకున్నారండీ? ప్రార్థన అయిపోయిందని నేను చెప్పానా?”

“పొరపాటైందండి. అయిపోయిందనుకున్నాను,” అన్నారు టీచర్ తల దించుకుని.

ఆయన వెళ్ళాక ఏడుస్తూ దగ్గరికి వెళ్ళాను. “టీచర్, నా వల్ల మీరు మాటలు పడ్డారు.”

“నీ వల్లేంటే? ఆ ఘాటును నువ్వు పిలిచావా? పొద్దున్నించీ కల్లంలో కూర్చుంటే ఎవరి గొంతైనా అంతే. వెళ్ళి మంచినీళ్ళు తాగు.”

ఆ తర్వాత ఆవిడే నాకు పాడటం నేర్పారు. నేను టీచర్ ట్రైనింగ్‌లో చేరేదాకా వదల్లేదు. మా ఇంట్లో కూలిపని కాకుండా వేరే పని చేసిన మొదటి మనిషిని నేనే.

ఏళ్ళు గడిచాక గుంటూరులో ఆవిడ గొంతుకు ఆపరేషన్ జరిగింది. మాట పోయింది. మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకునేవారు. కొన్ని వారాలకు చర్చికి వచ్చారు. అప్పటికి పాటలు ఎత్తుకునేది నేను. మౌన ప్రార్థనలో ఆవిడ ఊపిరి ఈల వేసినట్టు వినపడసాగింది. పైటచెంగు అడ్డం పెట్టుకున్నారు. చప్పుడు ఇంకా ఎక్కువైంది. ఎవరో కిసుక్కున నవ్వారు. తలలు తిరిగాయి.

పాట ఎత్తడానికి నోరు తెరిచాను. ఎందుకో సంఘపెద్ద వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. ఇంకొక్క నిమిషమే కదా అనుకుని ఆగిపోయాను. ఆ నిమిషంలోనే ఆవిడ లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ చర్చికి రాలేదు.

ఆ సాయంత్రమే, క్షమించమని అడగాలనే వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను చూడగానే పలక అందుకుని రాశారు: “చర్చి గేటు దగ్గర నిలబడి నీ పాట విన్నాను. బాగా పాడావు.”

“కాఫీ తాగుతారా టీచర్?” అని మాత్రం అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ ఏడు వానలు మొదలవకముందే ఆవిడ పోయారు.

ఇప్పుడు మౌన ప్రార్థనలో ఎవరికి దగ్గు వచ్చినా, ఎవరి పసిబిడ్డ ఏడ్చినా, నేను ఎవరి వైపూ చూడకుండా పాట ఎత్తుకుంటాను. పెద్దలు విసుక్కుంటారు.

“ఆవిడ నిన్ను ఏనాడో క్షమించి ఉంటారులేవే,” అంటుంది అమ్మ.

ఉంటారు. అలాంటి మనిషే. అడగనిది నేనే.