షామీ తోలుకు చిక్కని నీళ్లు

1974 వానాకాలంలో పటాన్‌చెరు పక్కన కొత్తగా పెట్టిన ఒక ఇనుప ఫౌండ్రీలో నన్ను ట్రాన్స్‌పోర్ట్ షెడ్డుకు ఛార్జ్‌హ్యాండ్‌గా వేశారు. ఛార్జ్‌హ్యాండ్ అంటే మెకానిక్‌కు పైన, సూపర్‌వైజర్‌కు కింద. పని చెడితే పైవాడు అడిగేదీ అతన్నే, కిందివాడు తిట్టేదీ అతన్నే. నేను అక్షరాలు దిద్దింది ముప్పై దాటాక, కార్మికుల సాయంత్రం బడిలో. రాతలో వంకరలుంటే సర్దుకోండి. బండి సంగతి మాత్రం సాఫుగానే చెప్తాను.

షెడ్డులో పెట్రోల్ బండ్లు రెండే. ఒకటి పెద్ద మేనేజరు గారి విదేశీ కారు, ఇంకోటి పాత అంబులెన్సు వ్యాను. మిగతావన్నీ డీజిల్ లారీలు. అప్పుడు మాకు పెట్రోల్ రెండు రకాలు వచ్చేది: ఎనభైమూడు, తొంభైమూడు. ఆ అంకెను ఆక్టేన్ అంటారు. చాలామంది దాన్ని బలం అనుకుంటారు గానీ, అది పెట్రోల్‌కు ఎంత ఓర్పు ఉందో చెప్పే అంకె. పిస్టన్ పైకొచ్చి పెట్రోల్ ఆవిరిని అదుముతుంది, ప్లగ్గు అంటిస్తుంది. ఆ మంట చివరిదాకా పాకేలోపే ఓర్పు లేని పెట్రోల్ తనంతట తాను భగ్గుమంటుంది. అప్పుడు ఇంజను రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు మోగుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. కారు ఇంజను గట్టిగా అదుముతుంది కాబట్టి దానికి తొంభైమూడు కావాలి. వ్యాను మెల్లగా అదిమే రకం, ఎనభైమూడు చాలు.

వ్యాను డ్రైవరు మల్లయ్యది కొండాపూర్. వ్యానుకు ఎనభైమూడు చాలన్న మాట అతను ఎన్నడూ ఒప్పుకోలేదు. “సాబు కారుకు పాలు, నా బండికి గంజా? తొంభైమూడు పొయ్యి అన్నా, గుర్రం లెక్క ఉరకకపోతే నన్నడుగు” అని రోజూ గొణిగేవాడు.

ఆ ఏడు పెట్రోల్‌కు కొరత ఉండేది. చక్కెర మిల్లు స్పిరిట్ కలిపిన పెట్రోల్ కొన్ని డ్రమ్ములు మా ఫ్యాక్టరీ తెప్పించింది. స్పిరిట్ కలిస్తే ఆక్టేన్ తగ్గదు, పెరుగుతుంది. ఆ సంగతి నిజమే. మల్లయ్య మాత్రం డ్రమ్ము మూత దగ్గర వాసన చూసి, “ఇగ మంచిగైంది, బండి గూడ కల్లు దుకాణం ముంగట ఆగుతది” అన్నాడు. షెడ్డంతా నవ్వింది.

అగ్గి భయంతో పెట్రోల్ డ్రమ్ములను కప్పు కింద పెట్టనిచ్చేవారు కాదు. ఆరుబయట నిలబెట్టేవాళ్లం. పగటి వేడికి డ్రమ్ము గాలి వదులుతుంది, చల్లబడితే పీలుస్తుంది. మూత చుట్టూ నిలిచిన వాననీళ్లు ఆ పీల్పుతో లోపలికి దిగుతాయి. ఇది మాకు తెలియనిది కాదు. అందుకే పోసేటప్పుడు గరాటలో షామీ తోలు వేసి వడగట్టేవాళ్లం. మెత్తటి తోలు అది. పెట్రోల్ దిగిపోతుంది, నీళ్లు పైన పూసల్లా నిలిచిపోతాయి. మెకానిక్ అయినవాడికి ఆ తోలు మీద ఉండే నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

ఒక రోజు ముసురు పట్టి ఉంది. వ్యానులో ఆ స్పిరిట్ డ్రమ్ము పెట్రోల్ నేనే దగ్గరుండి పోయించాను. తోలు మీద ఒక్క పూస నిలవలేదు. నీళ్లు లేవనుకున్నాను. మర్నాడు పగటిపూట ఫౌండ్రీలో తడిసిన అచ్చులో కరిగిన ఇనుము పోస్తుంటే అది చిట్లింది. కర్దనూర్ నుంచి వచ్చే యాదగిరి అనే అచ్చులు చేసే మోల్డరుకు మోకాలి కింద కాలంతా కాలింది. అక్కడే ఇసుక జల్లెడ పట్టే అతని భార్య లక్ష్మి పరుగున వచ్చి వ్యానెక్కింది. గాయపడిన మనిషి వెంట ఒక అధికారి ఉండాలని రూలు. సూపర్‌వైజర్ సుబ్బారావు గారు ఎక్కారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి ఆయన. ముందు సీట్లో మల్లయ్య పక్కన నేను.

పైపులో, కార్బురేటర్లో పాత పెట్రోల్ మిగిలి ఉన్నట్టుంది, పట్నం ఆసుపత్రి వైపు బండి బాగానే కదిలింది. రామచంద్రాపురం దాటి, లింగంపల్లి చేరకముందే తుమ్మింది, గుంజింది, ఆగిపోయింది. వెనక నుంచి యాదగిరి మూలుగు. వాన. ఇటుకల లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఆపినా లాభం లేదు, కాలిన మనిషిని ఇటుకల మీద వానలో ఎట్లా పడుకోబెడతాం?

మల్లయ్య ముఖం తెల్లబోయింది. “నేను మొదాలే చెప్పిన గదన్నా! సాబు కారు తొంభైమూడు పోస్తే ఇట్ల నడి తొవ్వల ఆగునా?” అని నా మీదికి లేచాడు. లక్ష్మి వెనక తలుపు తెరిచి, “ఇంకెంత దూరమన్నా? ఈయనకు చలి పెడుతుంది, పండ్లు కొట్టుకుంటున్నయ్” అంది. నేను దిగి బానెట్ ఎత్తాను.

కార్బురేటర్ గిన్నె విప్పి, అందులో ఉన్నది మందుల పెట్టెలోని ఖాళీ సీసాలోకి వంచాను. మబ్బుగా ఉంది. సుబ్బారావు గారు ట్యాంకు కింది మర వదులు చేయించి అదే సీసా నింపించారు. కాసేపు కదపకుండా పట్టుకుంటే అడుగున మసక నీరు, పైన తేట పెట్రోల్, మధ్యలో గీత గీసినట్టు విడిపోయాయి.

“తోల్ల వడగట్టినం సార్. నీళ్లెట్ల ఒస్తయ్?” అన్నాను.

“వడగట్టినప్పుడు అవి నీళ్లలా లేవయ్యా. స్పిరిట్లో కలిసిపోయి ఉన్నాయి, తోలు ఏం పడుతుంది? ట్యాంకులో చల్లబడ్డాక స్పిరిట్‌ను కూడా లాక్కుని అడుక్కి దిగాయి. కింద ఉన్నది నీళ్లూ సారాయే. ముందది తీసెయ్యాలి” అన్నారు ఆయన.

మర పూర్తిగా విప్పాం. రోడ్డు పక్క గుంతలోకి మసకనీరు ధార కట్టింది. చూడ్డానికి వచ్చిన ఒక ముసలాయన నోట్లో బీడీ! మల్లయ్య గొంతు చించుకున్నాడు: “తాతా, బీడీ పారెయ్యి! లేకుంటే అందరం ఇక్కన్నే కాలి పోతం!” ఆయన బీడీని తన వెనక ఉన్న వాన మడుగులో పారేసి, “తాగనియ్యరు, బతకనియ్యరు” అని తిట్టుకుంటూ దూరం జరిగాడు. తేట పెట్రోల్ పడగానే మర బిగించి, పైపు ఊది, గిన్నె కడిగి పెట్టాను.

ఇంజను అందుకుంది. ఎత్తు రాగానే గులకరాళ్లు మోగాయి. స్పిరిట్ పోయింది కదా, అది ఇచ్చిన ఆక్టేన్ కూడా పోయింది. మిగిలిన పెట్రోల్ ఎనభైమూడుకూ అందదు, దానికి ఆ పాత ఇంజను అదుముడు కూడా ఎక్కువే. అట్లాగే తొక్కితే పిస్టన్ పగులుతుంది, మళ్లీ ఆగితే లేవదు. బండి ఆపించి డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దిగా తిప్పాను. ప్లగ్గు నిప్పు వేసే సమయం వెనక్కి జరుగుతుంది, మోత తగ్గుతుంది, బండి సత్తువ కూడా తగ్గుతుంది.

“జల్దీ పోవాలె, నువ్వేమో బండి కాళ్లు కట్టేస్తున్నవ్” అన్నాడు మల్లయ్య.

“తొక్కకు. మెల్లగ పోతే చేరుతం” అన్నాను.

అక్కడి నుంచి ఆసుపత్రి దాకా నేను రోడ్డు చూడలేదు. చెవి ఇంజను మీదే ఉంది. మోత మొదలవుతుందనిపించినప్పుడల్లా మల్లయ్య మోకాలి మీద చెయ్యి వేసేవాణ్ణి, అతను కాలు తేల్చేవాడు. వెనక లక్ష్మి ఆ చప్పుడు వినకూడదని ఏమో, మొగుడితో మాట్లాడుతూనే ఉంది. పొలం సంగతి, బర్రె సంగతి. అతను మధ్యలో పలకడం మానేశాడు. ఆమె ఆపలేదు.

యాదగిరి బతికాడు. కాలు నిలిచింది, వేళ్లు రెండు పోయాయి. ఆలస్యం వల్లనా అని సుబ్బారావు గారు అడిగితే, కాలినప్పుడే పోయి ఉండొచ్చు, చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ ‘చెప్పలేం’ ఈనాటికీ నా దగ్గరే ఉంది. లక్ష్మి మాత్రం మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత డ్రమ్ములను మూత మీద నీళ్లు నిలవకుండా పక్కకు పడుకోబెట్టాం. స్పిరిట్ పెట్రోల్‌ను రోజూ తిరిగి, ట్యాంకు ఖాళీ చేసే బండ్లకే ఉంచమన్నాం. పెద్ద మేనేజరు గారి కారుకు తొంభైమూడే పోస్తాం, మాకు వేరే అట్లాంటి పెట్రోల్ బండి లేదు కాబట్టి ఆ డ్రమ్ములు వెనక్కి పోయాయి. అంబులెన్సు రోజుల తరబడి కదలకుండా నిలబడే బండి. దానికి బంకు నుంచి తెచ్చిన ఉత్త ఎనభైమూడు, అదీ సీసాలో పట్టి వెలుతురులో చూశాకే పోసేవాళ్లం. తొంభైమూడు మాత్రం పోయలేదు. మల్లయ్య దానికీ గొణిగాడు.

ఇప్పుడు బంకులో ఇథనాల్, అంటే అప్పటి ఆ స్పిరిట్టే, కలిపిన పెట్రోల్ మంచిదా కాదా అని నన్ను అడుగుతారు. పెట్రోల్ సంగతి తర్వాత. బండి తయారు చేసినవాడు దేనికి ఒప్పుకున్నాడో చూడండి. బండి ఎన్నాళ్లు కదలకుండా నిలుస్తుందో చూడండి. అది నడి తొవ్వలో ఆగితే లోపల ఎవరుంటారో ఆలోచించి, అప్పుడు పోయించండి.